తవుడిచ్చి కొన్న బిడ్డ

మా అమ్మ ఆరుగురిని కన్నది. ఏడో బిడ్డను తవుడిచ్చి కొనుక్కుంది. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు, తర్వాత "అదేంది?" అని అడుగుతారు. నేను దీన్ని గొప్పకు చెప్పుకున్నది ఒక్కసారే, నాకు పదేళ్ళప్పుడు. అట్ల చెప్పకుండా ఉండాల్సింది.

మార్కాపురం నుంచి యర్రగొండపాలెం పోయే దోవలో ఉండేది మా ఊరు. అప్పట్లో అది కర్నూలు జిల్లా. మాకు పైన దొరతనం చెన్నపట్నంలో ఉండేది. వాగుకు ఆ పక్క ఊరు, ఈ పక్క మా పల్లె. ఊళ్ళో భూములున్న రైతులు, పల్లెలో ఆ భూముల్లో కూలి చేసే మేము. మా తాతల నాడే పల్లెలో సగానికి పైగా ఇళ్ళు క్రైస్తవంలో కలిసినాయి. మట్టిగోడలు, బోదగడ్డి కప్పుతో ఒక ప్రార్థన ఇల్లు ఉండేది. నెలలో మొదటి ఆదివారం అందులో ప్రభువు బల్ల ఇచ్చేవాళ్ళు. ఒక రొట్టె ముక్క, ఒక గుక్క ద్రాక్షరసం. బాప్తిస్మం తీసుకున్న పెద్దవాళ్ళకే అది. మా అమ్మకు ఏడాది పొడుగునా పండగంటే ఆ పన్నెండు ఆదివారాలే. ముందురోజు సాయంత్రం తలంటుకుని, ఉన్న రెండు కోకల్లో మంచిది ఉతికి ఆరేసుకునేది.

క్రైస్తవులమైనంత మాత్రాన పాత భయాలన్నీ వాగు దాటిపోయినాయని కాదు. పిల్లి ఎదురైతే మా నాయన "ప్రభువా" అనుకునేవాడు. అప్పటికీ మనసొప్పక దోవ పక్కన కాసేపు కూర్చుని లేచేవాడు. మా మేనత్త బిడ్డలకు దిష్టి తీసి ఉప్పు పొయ్యిలో వేసి, అది చిటపటమంటుంటే "ఆమెన్" అనేది. అయ్యవారు, అంటే మా సంఘానికి పాస్టరు, ఇవన్నీ చూసీ చూడనట్ల పోయేవాడు.

మా నాయన పెద్దింట్లో సేద్యానికి ఉండేవాడు. ఊళ్ళో ఆ ఇంటిని అందరూ పెద్దిల్లనే అనేవాళ్ళు. ఆ ఇంటి కోడలు మంచి మనిషి. కూలోళ్ళకు సంగటి పెట్టేటప్పుడు గిన్నె మొహం చూసి కాకుండా మనిషి మొహం చూసి పెట్టేది. ఆమెకు నలుగురు పుట్టినారు, నలుగురూ పోయినారు. ఒక్కరూ ఏడాది చూడలేదు. చెన్నకేశవస్వామికి మొక్కుకున్నారు. కంభం పోయి దర్గాలో తాయెత్తు కట్టించుకొచ్చినారు. నాగులకట్టకు పాలు పోసినారు. ఏదీ ఆదుకోలేదు. పసిబిడ్డలను కాల్చరు కదా, పూడ్చిపెడతారు. నలుగురికీ గుంత తీసింది మా నాయనే. నాలుగోసారి ఇంటికి వచ్చి పార మూలన పెట్టి, అన్నం తినకుండా గోడకు తిరిగి పడుకున్నాడు. అది నాకు గుర్తుంది.

ఐదోసారి ఆమెకు నెలలు నిండినప్పుడు ఆమె అత్త, పెద్దింటి ముసలమ్మ, వాగు దాకా నడిచొచ్చింది. పల్లెలోకి రాదు కాబట్టి ఆ ఒడ్డునే నిలబడి అమ్మను పిలిపించింది. నేను అమ్మ కొంగు పట్టుకుని పోయినాను.

"ఏమే, నీకు ఎంతమంది బిడ్డలు?"

"నీకు తెలీందేముంది పెద్దమ్మా. ఆరుగురు."

"అందరూ ఉండారు కదా?"

"ప్రభువు దయ వల్ల ఉండారు."

ముసలమ్మ నీళ్ళకేసి చూస్తా అనింది. "చావు మా ఇంటి బిడ్డల రుచి మరిగింది. ఈసారి పుట్టేది మా బిడ్డ కాదనిపించాల. పుట్టినాక పెంట మీద పడుకోబెడతాం. నువ్వొచ్చి తవుడిచ్చి కొనుక్కో. నీ బిడ్డ అయితుంది. మేం నీ బిడ్డను సాకుతున్నట్ల సాకుతాం. పెరిగినాక మళ్ళీ మేమే కొనుక్కుంటాం. నీ చెయ్యి మంచిది."

బిడ్డలు నిలవని ఇళ్ళల్లో ఇట్ల చేయడం ఆ పక్కన ఎప్పటినుంచో ఉంది. అమ్మకూ తెలుసు. "మేం దేవునిలో ఉండేవాళ్ళం పెద్దమ్మా, ఇట్లాంటివి చేయకూడదు" అనింది. ముసలమ్మ బతిమాలలేదు, బెదిరించనూ లేదు. "నీ ఇష్టం" అని తిరిగి పోయింది.

ఆ సాయంత్రం నాయన అమ్మ వైపే మాట్లాడినాడు. "ఒద్దన్నావు, మంచిపని చేసినావు. అయ్యవారి చెవిన పడితే ఏమయితుంది?"

అమ్మ రొట్టె తిప్పుతా, "నాలుగు గుంతలు తీసినావు. ఐదోది కూడా తీస్తావా?" అని అడిగింది.

నాయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అమ్మే కాసేపటికి, మాలో ఎవరికీ కాకుండా పొయ్యితో చెప్పినట్ల, "మన బిడ్డలంటే చావుకు గూడా లెక్కలేదని కాబోలు వాళ్ళ నమ్మకం" అనింది.

కందికోతల రోజుల్లో ఆడబిడ్డ పుట్టింది. అమ్మ అప్పటికే సరేనని ముసలమ్మకు కబురు పంపింది కాబట్టి, మూడో రోజు పొద్దెక్కినాక పోయినాం. కొర్రతవుడు ముంత నా చేతిలో ఉంది. పెద్దింటి పెరట్లో పెంటకుప్ప మీద చేట, చేటలో పాత గుడ్డ, గుడ్డలో బిడ్డ. నేనంత చిన్నబిడ్డను అంతవరకు చూడలేదు. ఎండ కళ్ళల్లో పడి మొహం ముడుచుకుంది. మంత్రసాని పక్కన నిలబడి గట్టిగా అడిగింది.

"పెంట మీద బిడ్డ పడుంది. ఎవరన్నా కొంటారా?"

"నేను కొంటా" అనింది అమ్మ.

"ఏమిస్తావు?"

"తవుడిస్తా."

"తవుడు పాటి చేస్తుందా?"

"చెయ్యదు. ఊరకే పారేయలేక తీసుకుంటాండా."

ఆ చివరి మాట మూడుసార్లు అనాల. అమ్మ మూడుసార్లూ అనింది. తవుడు చేటలో పోసి బిడ్డను ఎత్తుకుంది. ఎత్తుకుని, దాని చెవి దగ్గర నోరు పెట్టి ఏదో గొణిగింది. మంత్రసాని అది జోకొట్టడం అనుకుంది. నాకు వినబడింది. "ఈ బిడ్డ నీది, కాపాడు తండ్రీ" అనింది.

తర్వాత పెరటి వాకిలి దగ్గరకు పోయి, "మీ ఇంట్లో పాడి ఉంది. నా బిడ్డను సాకండి" అని కోడలి చేతికిచ్చింది. కోడలు అమ్మ మొహంలోకి చూసింది. గడప దాటేముందు ముసలమ్మ బిడ్డ మీద పసుపునీళ్ళు చల్లింది. మా చెయ్యి తగిలిన మైల పోవడానికి.

దోవలో నేను అడిగినాను. "మనం ముట్టుకున్నామని నీళ్ళు చల్లినారు కదమ్మా?"

"చల్లుకోనీలే. బిడ్డ బతికితే చాలు."

బిడ్డ బతికింది. ఏడాది దాటింది. పెంట అనే మాటతో మొదలయ్యే పేరు పెట్టినారు. ఆ పేరు నాకిక్కడ రాయబుద్ధి కాదు. పేరు ఎంత హీనంగా ఉంటే చావు అంత దూరం పోతుందని. ముద్దు చేయకూడదు, బంగారమని పిలవకూడదు. అమ్మ ఆ పేరుతో పిలవలేక, ఇంకో పేరుతో పిలవకూడదు కాబట్టి, "ఓసీ" అని పిలిచేది.

ఆ ఏడే నన్ను మార్కాపురంలో మిషను బోర్డింగులో చేర్చినారు. పలక పట్టుకోవడం, గౌను వేసుకోవడం, గంట కొడితే లేవడం అక్కడే నేర్చుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం ఒక టీచరమ్మ మాకు బైబిలు కథలు చెప్పేది. ఒకరోజు, "మీ ఊళ్ళల్లో అన్యులు చేసే మూఢాచారాలు ఒక్కొక్కరు ఒకటి చెప్పండి" అనింది. ఒక పిల్ల కప్పకు పెళ్ళి చేయడం చెప్పింది. ఇంకొక పిల్ల జాతరలో దున్నపోతు సంగతి చెప్పింది. నా వంతు వచ్చింది. నేను లేచి నిలబడి, చాలా గొప్పగా, తవుడు సంగతి చెప్పినాను. అందరి కంటే మంచిది నా దగ్గరే ఉందని నాకు తెలుసు. "కొన్నది మా అమ్మే. మా అమ్మ వల్లనే ఆ బిడ్డ బతికింది" అని కూడా అన్నాను.

టీచరమ్మ కోప్పడలేదు. "మీ అమ్మ బాప్తిస్మం తీసుకుందా?" అని అడిగింది. తీసుకుందన్నాను. "ఏ సంఘం?" అని అడిగింది. అదీ చెప్పినాను.

క్రిస్మస్ సెలవులకు ఇంటికొచ్చినాను. కొత్త సంవత్సరం మొదటి ఆదివారం, బల్ల ఇచ్చేముందు అయ్యవారు అమ్మను పేరు పెట్టి పిలిచి నిలబడమన్నాడు. ఆయన కఠినుడు కాదు. ఆ రోజు అమ్మ మొహం చూడకుండా పుస్తకంలోకి చూస్తా అడిగినాడు.

"మార్కాపురం నుంచి టీచరమ్మ ఉత్తరం రాసింది. ఊళ్ళో బిడ్డను తవుడిచ్చి కొన్నావంట. నిజమేనా అమ్మా?"

"నిజమే అయ్యా."

"అది విగ్రహారాధికుల ఆచారం కదా. తప్పని ఒప్పుకో. సంఘం క్షమిస్తుంది. ఈ పూటే బల్ల తీసుకోవచ్చు."

నాయన తల వంచుకుని చాప పుల్లలు లాగుతున్నాడు. ఒప్పుకోమ్మా, ఒక్క మాట, అని నేను లోపల్లోపల వేడుకుంటున్నాను.

"చేసింది ఒప్పుకుంటా అయ్యా. తప్పని మాత్రం అనలేను. ఆ బిడ్డ ఆడుకుంటాంది. ఆ బిడ్డ బతకడం తప్పని నా నోటితో ఎట్ల అనేది?"

అమ్మకు బల్ల ఆపినారు. రొట్టె పళ్ళెం వరసలో వచ్చి అమ్మను దాటిపోయింది. అమ్మ కూర్చున్న చోటు నుంచి లేవలేదు. ఆ తర్వాత కూడా ఒక్క ఆదివారం మానలేదు. మొదటి ఆదివారాలకు మంచి కోక కట్టుకోవడం మాత్రం మానేసింది. చెప్పింది నేనేనని నాకు తెలుసు. ఇంటో ఎవరూ నన్ను అడగలేదు. నేనూ చెప్పలేదు.

బిడ్డ పెరిగింది. దానికి కొత్త గుడ్డ కుట్టించినా, గాజులు తెచ్చినా ముందు వాగు దగ్గరకు తెచ్చి అమ్మ చేతికిచ్చేవాళ్ళు. కొన్న తల్లి చేత్తో ఇస్తేనే అది బిడ్డ ఒంటి మీద పడాల. అట్ల వాగు దగ్గరకు వచ్చీ వచ్చీ దానికి దోవ అలవాటయింది. నాలుగేళ్ళకే ఒంటరిగా వచ్చి వాగు మధ్యలో బండ మీద నిలబడి "కొన్నమ్మా!" అని అరిచేది. ఆ పిలుపు దానికెవరూ నేర్పలేదు. కన్నమ్మ ఇంట్లో ఉంది, కొన్నమ్మ వాగవతల ఉంది, అంతే దాని లెక్క. బండ దాటి ఈ పక్కకు రాకూడదని ఇంట్లో చెప్పినారు. అది బండ దాటేది కాదు. అమ్మే సజ్జరొట్టె ముక్క కొంగులో పెట్టుకుని బండ దగ్గరకు పోయేది. మా ఇంటి రొట్టె తినకూడదని కూడా చెప్పినారు కానీ, ఆ మాట మాత్రం అది వినలేదు. నేను సెలవులకు వస్తే నా జడ పట్టుకుని, "ఈ యక్క మన యక్కేనా కొన్నమ్మా?" అని అడిగేది. అమ్మ నవ్వేది. బల్ల ఆగినాక అమ్మ నవ్వడం నేను ఆ బండ దగ్గరే చూసినాను.

దానికి ఆరో ఏడు నడుస్తుండగా పెద్దింటి కోడలికి మళ్ళీ నెల తప్పింది. వచ్చే ఉగాదికి బిడ్డను తిరిగి కొనుక్కుంటామని, అమ్మకు కోక పెడతామని ముసలమ్మ కబురు చేసింది. అమ్మ సరేనంది. ఆ రోజు పిలుపు రాకముందే బండ దగ్గరకు పోయింది.

నేను దసరా సెలవులకు వచ్చేటప్పటికి ఊళ్ళో చలిజ్వరాలు ఉండాయి. వానలు తగ్గినాక నల్లమల అంచు ఊళ్ళన్నిటికీ అవి వస్తాయి. ఆ బిడ్డకూ వచ్చింది. పెద్దింటోళ్ళు ఏ లోపమూ చేయలేదు. బండి కట్టి మార్కాపురం డాక్టరు దగ్గరకు తీసుకుపోయినారు. చేదుమందు తాగించినారు. రెండు రోజులు తగ్గింది. మూడో రోజు మళ్ళీ వచ్చి, ఈసారి తెలివి తప్పింది.

ముసలమ్మ అమ్మకు కబురు పంపించింది. "నీ బిడ్డ పక్కన నువ్వు కూర్చో. చావుకు కనబడాల, ఎవరి బిడ్డో."

అమ్మ మొదటిసారి ఆ ఇంటి గడప దాటింది. తోడుగా నన్ను రమ్మంది. నన్ను వసారా దాకా రానిచ్చినారు. తలుపు తీసే ఉంది, లోపల మంచం కనబడుతుంది. కోడలు ఒక పక్క, అమ్మ ఒక పక్క. కోడలికి ఎనిమిదో నెల. ఇద్దరూ మార్చి మార్చి తడిగుడ్డ వేస్తున్నారు. మధ్యలో ఒకసారి ఇద్దరి చేతులూ నీళ్ళ గిన్నెలో తగిలినాయి. ఆ రోజు ఎవరూ పసుపునీళ్ళు తేలేదు. బిడ్డ ఒకసారి కళ్ళు తెరిచి, ఇద్దరిలో ఎవరిని చూసిందో గానీ, "నీళ్ళు" అనింది. అమ్మ తాగించింది. మరుసటి రోజు పొద్దున కూలోళ్ళు చేలకు పోయే వేళకు ప్రాణం పోయింది.

కోడలు నోరు తెరవబోయింది. ముసలమ్మ పరుగున వచ్చి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "ఏడవొద్దు! మన బిడ్డని ఏడిస్తే కడుపులో ఉన్నదాని మీద కన్ను పడుతుంది. అది మన బిడ్డ కాదు. ఇంకా తిరిగి కొనలేదు." అమ్మ వైపు తిరిగింది. ముసలమ్మ కళ్ళల్లో నీళ్ళు కారుతానే ఉండాయి. మాట మాత్రం గట్టిగా అనింది. "నీ బిడ్డను నువ్వు తీసుకోపో తల్లీ. నీ బిడ్డగానే మన్ను చెయ్యి."

అమ్మకు ఆమె మీద కోపం వచ్చిందని నేను అనుకోను. బిడ్డను గుడ్డలో చుట్టి భుజాన వేసుకుంది, నిద్రపోయే బిడ్డను వేసుకున్నట్ల. పెరటి వాకిలి గుండా బయటికొచ్చినాం. వాగు దిగేటప్పుడు వెనక్కి తిరిగి చూసినాను. మిద్దె మీద కోడలు నిలబడి ఉంది. కొంగు నోట్లో కుక్కుకుని ఉంది.

అమ్మ నేరుగా అయ్యవారింటికి పోయింది. మా సమాధుల దొడ్లో చోటు అడిగింది. ఆయన బిడ్డను చూసి కూలబడినాడు. "బాప్తిస్మం లేని ఇంటి బిడ్డ. నువ్వా, బల్ల ఆగిన మనిషివి. పెద్దలు ఒప్పుకోరమ్మా. నా చేతుల్లో లేదు."

"సరే అయ్యా" అనింది అమ్మ.

వాగు వంపులో, తంగేడు చెట్ల దగ్గర, ఊరిదీ పల్లెదీ కాని మెరక ఒకటి ఉంది. అక్కడ నాయన గుంత తీసినాడు. మేం ముగ్గురమే అనుకున్నాం. మన్ను వేయబోతుండగా అయ్యవారు వచ్చినాడు. చేతిలో పుస్తకం లేదు. తలగుడ్డ తీసి పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, తన సొంత మాటల్లో చిన్న ప్రార్థన చేసినాడు. ఆయన అంతకంటే చేయగలిగింది లేదు. ఆ తర్వాత అమ్మ ఏడ్చింది. ఆరేళ్ళూ పిలవని పిలుపులన్నీ పిలిచి ఏడ్చింది. బంగారమనింది, తల్లి అనింది, నా చిట్టి అనింది. ఇంక ఎవరు విన్నా చేసేదేముంది.

రెండు రోజులకు నేను అమ్మ దగ్గర కూర్చుని, నాలుగేళ్ళుగా దాచుకున్న మాట చెప్పినాను. "అమ్మా, నీ బల్ల ఆగింది నా వల్లనే. బోర్డింగులో నేనే చెప్పినాను."

అమ్మ జొన్నలు చెరుగుతాంది. చెరగడం ఆపలేదు. "టీచరమ్మ ఉత్తరం అన్నప్పుడే తెలిసిందిలే. పదేళ్ళదానివి. మా అమ్మ ఇట్ల చేసిందని గొప్పగా చెప్పింటావు." చేట ఒకసారి తట్టి, "నాకు గూడా గొప్పగానే ఉండె" అనింది.

నేను లేచి గుడిసె వెనక్కు పోయినాను.

అయ్యవారు మళ్ళీ ఒకసారి వచ్చి, ఇప్పుడు బిడ్డ కూడా లేదు కదా, ఒక్క మాట ఒప్పుకుంటే బల్లలో చేర్చుకుంటామన్నాడు. బిడ్డ లేకపోతే తప్పు ఎక్కువయిందా తక్కువయిందా అయ్యా, అని అడిగింది అమ్మ. ఆయన తలగుడ్డ సర్దుకుని వెళ్ళిపోయినాడు. ఇంకొక నాలుగేళ్ళకు వేరే అయ్యవారు వచ్చి, పాత లెక్కలేవీ అడగకుండా పళ్ళెం ఆమె ముందు పెట్టినాడు. తీసుకుంది. నాకు ఉత్తరం రాయించింది, "తీసుకున్నాను" అని. సంతోషమని రాయించలేదు.

పెద్దింటి కోడలికి ఆ కార్తీకంలోనే మగబిడ్డ పుట్టినాడు. వాడిని ఎవరికీ అమ్మలేదు. వాడు బతికినాడు, పెద్దవాడయినాడు. వాడికి ఐదో నెలప్పుడు ఒక మధ్యాహ్నం ఆమె చేను చూసే వంకతో వాగు దిగి, బండ దాటి, ఈ పక్కకు వచ్చింది. ఇది నేను చూడలేదు. బోర్డింగులో ఉన్నాను. అమ్మ చెప్పింది.

"అక్కా" అని పిలిచిందంట అమ్మను. ఆ ఇంటి మనిషి ఎవరూ అట్ల పిలిచింది లేదు. "అక్కా, యాడ పెట్టినారు?"

అమ్మ తీసుకుపోయి చూపించింది. ఆమె అక్కడ నేల మీద కూర్చుని, అన్నాళ్ళు మింగుకున్నదంతా ఏడ్చింది. ఆమె ఏడ్చినంతసేపూ మా అమ్మ పక్కన నిలబడి, ఊరి నుంచి ఎవరన్నా వస్తారేమోనని దోవకేసి చూస్తా ఉండింది.